మిషన్ ధర ఒకటి, ఖర్చు మరొకటి

కోఠి, పటాన్‌చెరు మధ్య తిరిగే 218 నంబరు సిటీ బస్సు లక్డీకాపూల్ దాటి పంజాగుట్ట చేరేసరికి కాలు పెట్టే సందుండదు. టిక్కెట్టు మిషన్లు రాకముందు కండక్టరు ఆ రద్దీలోనే ఒక చేత్తో టిక్కెట్ల ట్రే పట్టుకుని, మరో చేత్తో పంచ్ నొక్కుతూ, భుజాన చిల్లర సంచితో ముందుకీ వెనక్కీ తిరిగేవాడు. ట్రేలో ఒక్కో ధరకు ఒక్కో టిక్కెట్ల కట్ట. స్టేజీ మారినప్పుడల్లా ప్రతి కట్టలో పైనున్న టిక్కెట్టు నంబరు ఎస్సార్ అనే లెక్కల కాగితం మీద ఎక్కించాలి. మధ్యలో చెకింగ్ స్క్వాడ్ ఎక్కితే ఆ అంకెలే అతని ఉద్యోగానికి సాక్ష్యం. అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోచింగ్ కుర్రాళ్లు గుంపుగా ఎక్కితే, బస్సు ఓ వారగా ఆపించి టిక్కెట్లు కొట్టి, లెక్క రాసుకుని, అప్పుడు రైట్ చెప్పేవాడు.

ట్రే, పంచ్ ఖరీదు ఎంతని? దాదాపు ఏమీ లేదు. ఛార్జింగ్ అక్కర్లేదు, కింద పడినా పగలవు, వానకు తడిసేది కాగితం ఒక్కటే. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం 1932లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో మొదలైన నాటి నుంచి 1958లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ ఏర్పడి ఆ తర్వాత కొన్ని దశాబ్దాల దాకా కాగితం టిక్కెట్టే నడిచింది. అసలు ఖర్చు మరోచోట ఉండేది: కట్టల అచ్చు, డిపోలో వాటి లెక్క, డ్యూటీ దిగాక నంబర్లు సరిచూసుకునే సమయం, ఆగిన బస్సు తాగిన డీజిలు. ఈ ఖర్చు ఎవరి పద్దులోనూ విడిగా కనబడేది కాదు.

తర్వాత వచ్చిందే టిమ్ అనే టిక్కెట్టు మిషన్. ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ నొక్కితే చాలు, టిక్కెట్టు బయటికి వస్తుంది. డ్యూటీ దిగాక లెక్క మొత్తం డిపో కంప్యూటర్‌లోకి పోతుంది. ఎస్సార్ రాత తగ్గింది, ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో ఆర్టీసీకి తెలిసింది. దాంతోపాటే ట్రే కాలంలో లేని తద్దినాలు వచ్చిపడ్డాయి: బ్యాటరీ, ఛార్జరు, పేపరు రోలు, అరిగే ప్రింటర్ హెడ్, నొక్కీ నొక్కీ పనిచేయని బటన్లు. మిషన్ మొరాయిస్తే ట్రిప్పు ఆగకూడదని మాన్యువల్ టిక్కెట్ల కట్ట కూడా వెంట ఉండేది. అంటే కొత్త పద్ధతి ఖర్చుకు పాత పద్ధతి ఖర్చు తోడైందన్నమాట. ఈ రెండో ఖర్చును మిషన్ కొనే రోజున ఎవరూ లెక్కవేయరు.

మిషన్ చేతిలో లేకపోతే ఏమవుతుందో 2019లో నగరం చూసింది. ఆ ఏడాది అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. తాత్కాలిక కండక్టర్లతో నడిపిన బస్సుల్లో చాలాచోట్ల టిక్కెట్టు ఇవ్వకుండానే డబ్బు వసూలు చేశారు, అడిగినంత ఇవ్వాల్సి వచ్చిందని ప్రయాణికులు మొత్తుకున్నారు.

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయ్యాక లెక్క ఇంకో మలుపు తిరిగింది. అదే నెల 15 నుంచి ప్రతి మహిళకూ జీరో టిక్కెట్టు కొట్టాలన్నారు. పైసా తీసుకోని టిక్కెట్టుకు కాగితమెందుకని చాలామంది నవ్వుకున్నారు. ఆ సున్నా రూపాయల కాగితాల లెక్క మీదే ప్రభుత్వం ఆర్టీసీకి సొమ్ము చెల్లించాలి. కాబట్టి బ్యాటరీ అయిపోయి కొట్టలేకపోయిన జీరో టిక్కెట్టు కూడా సంస్థకు నష్టమే. ఒక్కసారిగా ప్రయాణికులు పెరిగారు, రోలు, బ్యాటరీ, ప్రింటరు మీద భారమూ పెరిగింది. ఏళ్ల కిందట ఏ టెండరులోనో రాసుకున్న బ్యాటరీ సామర్థ్యం ఇలా ఒక ప్రభుత్వ పథకం లెక్కల్లోకి వచ్చి కూర్చుంది.

కరెంటు బిల్లు కొట్టే మనిషిది ఇంకో కథ. 1999లో విద్యుత్ బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడిపోయింది. 2000లో కరెంటు పంపిణీ చేసే డిస్కంలు వచ్చాయి. పంజాగుట్టకు కూతవేటు దూరంలోని విద్యుత్ సౌధలో సంస్కరణల ఫైళ్లు తిరుగుతుంటే, అమీర్‌పేట, ఎస్సార్ నగర్ గల్లీల్లో జనం కంటికి కనిపించిన సంస్కరణ మాత్రం స్పాట్ బిల్లింగ్ మిషనే. అంతకుముందు రీడింగు ఒకరు రాసుకుపోతే బిల్లు తర్వాతెప్పుడో వచ్చేది. మిషన్ వచ్చాక మీటరు ముందే బిల్లు చేతికొచ్చింది. ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) పోర్టు మీటర్లు పెట్టాక అంకెలు టైపు చేసే పనీ పోయింది. మిషన్‌ను మీటరుకు ఎదురుగా పెడితే రీడింగు దానంతటదే ఎక్కుతుంది. పొరపాటుకైనా, లోపాయికారీ తగ్గింపుకైనా చోటు తగ్గింది.

ఈ మీటర్ రీడర్లలో చాలామంది కాంట్రాక్టరు కింద పీస్ రేటు మీద పనిచేసేవాళ్లు. ఎన్ని బిల్లులు కొడితే అన్ని డబ్బులు. మిషన్ మధ్యాహ్నం చచ్చిపోతే ఆ పూట కూలి పోయినట్టే. కొనుగోలు ఫైలులో సంస్థ డబ్బు కనిపిస్తుంది, ఈ కూలి కనబడదు. 2020 లాక్‌డౌన్‌లో రీడర్లు ఇళ్లకు వెళ్లలేదు. అంతకుముందు ఏడాది అదే నెల బిల్లు ఆధారంగా కట్టమన్నారు. జూన్‌లో మూడు నెలల రీడింగు కలిపి తీసేసరికి శ్లాబు మారి బిల్లు పేలిందని ఫిర్యాదులు వెల్లువెత్తాయి. గడప ముందుకొచ్చి రీడింగు తీసే మనిషి విలువ ఆ నెలలో ప్రతి ఇంటికీ తెలిసొచ్చింది.

ఇక వాతావరణం. అమీర్‌పేట, పంజాగుట్టల పక్కనే ఉన్న బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీల ఎండ కాసింది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. ఐఫోన్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని తయారీదారే చెబుతాడు. హైదరాబాద్‌లో మార్చి నెలకే ఆ హద్దు దాటుతుంది. వేడిలో లిథియం బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, థర్మల్ కాగితం మీది అక్షరాలు వెలిసిపోతాయి. అందుకే ఫీల్డు సిబ్బంది కోసం చేసే గట్టి పరికరాలకు వేరే పరీక్షలుంటాయి. ఐపీ 67 అంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా బతుకుతుంది. అమెరికా సైన్యం ప్రమాణం ప్రకారం నాలుగడుగుల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు, అదీ ప్లైవుడ్ పలక మీద. మైత్రీవనం ఫుట్‌పాత్ మీద ప్లైవుడ్ ఎవరూ పరచలేదు గానీ, ఆ పరీక్ష కాస్త ధీమా మాత్రం ఇస్తుంది.

చేతి మిషన్ల వాడకం ప్రపంచంలో కొత్తదేమీ కాదు. ఫెడెక్స్ 1986లోనే తన కొరియర్ల చేతికి సూపర్ ట్రాకర్ అనే స్కానర్ ఇచ్చింది. మరుసటి ఏడాది గార్ట్‌నర్ సంస్థ, కంప్యూటరు ఖరీదు వేరు, దాన్ని పోషించడానికయ్యే మొత్తం ఖర్చు వేరు అని లెక్కగట్టే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. మన టెండర్లలో ఇప్పటికీ ఎల్-1దే రాజ్యం. తక్కువ ధర కోట్ చేసినవాడికే పని.

ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. 12 వేల రూపాయల మామూలు ఫోను ఎండకూ వానకూ రెండేళ్లు నిలిచిందనుకుందాం, ఆరేళ్లకు మూడు ఫోన్లు కావాలి. 36 వేల గట్టి పరికరం ఆరేళ్లూ నిలిస్తే కొనుగోలు దగ్గర సరికి సరి. తేడా ఆగిపోయిన రోజుల్లో ఉంది. మామూలు ఫోనుతో ఏటా నాలుగు పనిదినాలు పోయి, రోజు విలువ వెయ్యి రూపాయలైతే ఆరేళ్లకు 24 వేలు. ఆఫీసులో బల్ల దగ్గర కూర్చునేవారికి ఈ లెక్క వర్తించదు, వాళ్లకు గట్టి పరికరం దండగ. పైగా ఆరేళ్లు బతికే మిషన్‌కు ఆరేళ్లూ సాఫ్ట్‌వేర్ అందకపోతే అది బరువైన ఇటుకే.

చౌక ఎలా బెడిసికొడుతుందో మహారాష్ట్ర చూపించింది. అంగన్‌వాడీ కార్యకర్తలకు 2019లో ఇచ్చిన ఫోన్లు వేడెక్కుతున్నాయి, యాప్ పట్టడం లేదు, రిపేరు ఖర్చు మా మీదే పడుతోంది అంటూ 2021లో వేలమంది వాటిని తిరిగి ఇచ్చేశారు. సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర మిషన్లతో ఊళ్లోనే చెల్లించే స్మార్ట్‌కార్డు పద్ధతిని మురళీధరన్, నీహాస్, సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 157 మండలాల్లో పరీక్షించారు. 2016లో అచ్చయిన వారి అధ్యయనం ప్రకారం సొమ్ము త్వరగా అందింది, పక్కదారి పట్టడం తగ్గింది. కూలీలకు మిగిలిన సమయం విలువ ఒక్కటే పథకం ఖర్చుకు సమానమైంది. మిషన్ లాభాన్ని కొన్నవాడి జేబు దగ్గర ఆపకుండా, వరుసలో నిలబడ్డవాడి దాకా లెక్కగట్టిన అరుదైన పద్దు అది.

ఇలాంటి మిషన్లు చేసే కంపెనీలు హైదరాబాద్‌లోనే ఉండటం ఇక్కడి అదృష్టం. స్పాట్ బిల్లింగ్, టిక్కెట్టు మిషన్లకు అనలాజిక్స్, రేషన్ షాపుల ఈపాస్ మిషన్లకు విజన్‌టెక్ పేర్లు సంస్థలకు బాగా తెలుసు. విడిభాగం ఊళ్లోనే దొరికితే ఆగే రోజులు తగ్గుతాయి. ఇది బ్రోషరులో కనిపించని లాభం.

ఈ లెక్కలేవీ వర్తించని కొత్త ఫీల్డు సిబ్బంది ఇప్పుడు అమీర్‌పేట హాస్టళ్ల ముందు, పంజాగుట్ట సర్కిల్ దగ్గర బళ్లమీద కనిపిస్తారు. డెలివరీ కుర్రాడి ఫోను అతనిదే. కిస్తీ, డేటా, పవర్ బ్యాంకు, పగిలిన స్క్రీను అన్నీ అతని ఖాతాలోనే. కంపెనీ పద్దులో ఆ పరికరం ధర సున్నా గనుక గట్టిదా కాదా అన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. స్క్రీను పోతే ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌కు వెళ్లి మార్పించుకోవాలి, అంతసేపూ ఆర్డర్లు ఉండవు. అందుకే కొందరు, ఆర్టీసీ మాన్యువల్ టిక్కెట్ల కట్టను ఉంచినట్టే, సెకండ్ హ్యాండ్ ఫోను ఒకటి స్పేరుగా కొని పెట్టుకుంటారు. దాని ఖరీదూ వాళ్ల సంపాదనలోంచే.