అంబాసిడర్‌ని అప్పగించిన ఏడు

దగ్గరికి జరగండర్రా, చలి బాగానే ఉంది. ఆ కొబ్బరి డొక్కలు ఒక్కొక్కటే వెయ్యండి. అన్నీ ఒక్కసారి కుమ్మరిస్తే పొగ తప్ప మంట రాదు. మొన్న పెద్దమ్మాయి అడిగింది కదా, "తాతయ్యా, మన కారు షెడ్డు ఖాళీగా ఉందేం? బండి ఏమైంది?" అని. ఇవాళ చెబుతాను వినండి. మొదట్నించీ చెప్పాలి, లేకపోతే ఎందుకిచ్చేశానో మీకు బోధపడదు.

ఆ బండి 1983లో కొన్నాను. అంబాసిడర్ మార్క్ ఫోర్, పెట్రోలు ఇంజను, లేత నీలం రంగు. అప్పట్లో కారు కొనడమంటే ఇప్పట్లా వెళ్లి నచ్చింది తెచ్చుకోవడం కాదు. ఉంటే అంబాసిడర్ ఉండాలి, లేదా ఫియట్ ఉండాలి. అంబాసిడర్ కలకత్తా పక్కన ఉత్తరపారాలో తయారయ్యేది. ఫియట్టేమో బొంబాయి కుర్లాలో. ఏడాదికి ఎన్ని బళ్లు తయారు చెయ్యాలో ప్రభుత్వమిచ్చే లైసెన్సు చెప్పేది. డబ్బు కట్టి, పేరు రాయించుకుని, ఏళ్ల తరబడి కాచుకున్నవాళ్లు ఎంతమందో. నేనూ అలా కాచుకునే తెచ్చుకున్నాను.

ఆ ఏడాది డిసెంబరులోనే మారుతీ వచ్చింది. మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారని పేపర్లో ఫొటో వేశారు. ధర యాభై వేల లోపే. "ఇంకొన్నాళ్లు ఆగాల్సింది బావా" అన్నారు మీ మామ్మ తమ్ముడు. నాకు మాత్రం అలా అనిపించలేదు. మనది ఉమ్మడి ఇల్లు. నాది అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం. డిక్కీలో కురిడీ బస్తాలు పడాలి, లోపల పెద్దమ్మలూ పిన్నులూ పిల్లలూ పట్టాలి. కాలవగట్ల మీద గతుకుల్లో వెనక కమాను కట్టలు గట్టిగా ఉంటే తప్ప బండి ఆగదు. ఆ పనికి అంబాసిడరే తగినది.

ఇప్పటి కార్ల సీట్లు చూసినవాళ్లకి ఆ బండి వింతగానే ఉంటుంది. ముందు కూడా ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే సీటు. గేరు కింద ఉండదు, స్టీరింగు పక్కనే ఎడమ చేతికి అందేటట్టు ఉంటుంది. అందుకని ముందు ముగ్గురు హాయిగా కూర్చునేవాళ్లం. ఎదర బండి వస్తే లైటు దించడానికి చేత్తో మీట నొక్కక్కర్లేదు. క్లచ్చికి ఎడమ పక్క నేల మీద చిన్న గుండీ ఉండేది, కాలితో తొక్కితే చాలు. సెల్ఫు అందుకోని రోజున ముందు బంపరు సందులోంచి హ్యాండిల్ దూర్చి తిప్పేవాళ్లం. హ్యాండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు కూడా మిగతా నాలుగు వేళ్ల పక్కనే పెట్టాలి గానీ చుట్టి పట్టుకోకూడదు. ఇంజను ఎదురు తన్నిందంటే వేలు విరుగుతుంది. ఇది మా మెకానిక్ భాయ్ నాకు మొదటి రోజే నేర్పిన పాఠం.

ఆ రోజుల్లో నరసాపురం వెళ్లాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించాలి. దిండికీ చించినాడకీ మధ్య వంతెన చాలాకాలం తర్వాత పడింది. రేవు నుంచి పంటు మీదికి రెండు చెక్కలు వేసేవాళ్లు. వాటి మీద చక్రాలు సరిగ్గా కూర్చోవాలి. ఎదురుగా పంటు మనిషి నిలబడి రెండు చేతులూ ఊపుతూ "రైటు... ఇంకొంచెం రైటు... రానీ" అనేవాడు. నేను అతని చేతులే చూసేవాణ్ణి, కిందకి చూసేవాణ్ణి కాదు. బండి ఎక్కాక హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరులో ఉంచి, చక్రాల కింద రాళ్లు పెట్టేవాళ్లం. మీ మామ్మ మాత్రం అవతలి ఒడ్డు చేరేదాకా అంతర్వేది నరసింహస్వామిని తలుచుకుంటూనే ఉండేది.

ఇక 1996 తుఫాను. నవంబరు ఆరో తారీకు రాత్రి. దీపావళి ఇంకా రాలేదు. ఆ రాత్రి గాలి ఎలా వీచిందో చెప్పడానికి ఇప్పటికీ మాట రాదు. తెల్లారేసరికి కోనసీమంతటా కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. కొన్ని వేళ్లతో సహా లేచాయి, కొన్ని మధ్యకి విరిగి మొండేలు మిగిలాయి. వ్యాపారం, తోట, నా తరం సంపాదన అంతా ఆ మొండేల్లో ఉంది. షెడ్డు మీద చెట్టు పడింది గానీ అడ్డదూలం ఆపింది, బండికి కప్పు మీద ఒక సొట్టతో పోయింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. ఊళ్లో ఎగిరొచ్చిన రేకులు తగిలి ఒళ్లు తెగినవాళ్లు చాలామంది. చీకటి పడ్డాక మన ఊరి డాక్టరుగారికి కుట్లు వేయడానికి వెలుతురు లేదు. బండి బయటికి తీసి, ముక్కు మన అరుగు వైపు తిప్పి నిలబెట్టి, ఇంజను ఆపకుండా హెడ్‌లైట్లు వేశాను. ఆ వెలుతుర్లో డాక్టరుగారు అరుగు మీద ఒకరి తర్వాత ఒకరికి కుట్లు వేశారు. మీ మామ్మ వేణ్ణీళ్లు కాచి అందించింది. ఆ రాత్రి నుంచి ఊళ్లో ఎవరూ దాన్ని నా కారు అనలేదు, మన కారు అన్నారు. ఆ సొట్ట నేను ఎప్పుడూ తీయించలేదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఆ బండిని వదులుకోవడం మామూలు అమ్మకం కాదని మీకు తెలియాలి.

తర్వాత నా గుండె సంగతి. కొన్నాళ్లుగా ఏటిగట్టు ఎక్కుతుంటే రొమ్ము మీద బరువు పెట్టినట్టుండేది. ఆగితే తగ్గేది. నడిస్తే మళ్లీ వచ్చేది. మీ నాన్న పట్టుబట్టి తీసుకెళ్లాడు. యాంజియోగ్రాం చేసి, మూడు నాళాల్లో పూడికలున్నాయి, స్టెంట్లతో అయ్యే పని కాదు, బైపాస్ చెయ్యాలి అన్నారు. బైపాస్ అంటే ఏమిటో మీరూ తెలుసుకోండి. రొమ్ము మధ్యనున్న ఎముకను నిలువునా కోసి తెరుస్తారు. రొమ్ము లోపలి గోడ నుంచి ఒక ధమనినీ, కాలిలోంచి ఒక సిరనూ తీసి, పూడుకుపోయిన చోటు దాటించి రక్తానికి కొత్త దారి కలుపుతారు. తర్వాత ఎముకను స్టీలు తీగలతో బిగించి కడతారు. పైన గాయం త్వరగానే ఆరుతుంది. లోపల ఎముక గట్టిగా అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది.

ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ అమ్మాయి అన్నీ వివరంగా చెప్పింది. దగ్గొస్తే దిండు రొమ్ముకి హత్తుకుని దగ్గాలి. మూడు బంతులున్న ఆ ప్లాస్టిక్ డబ్బాలో గాలి పీల్చి బంతులు లేపాలి, ఊపిరితిత్తుల్లో కఫం నిలవకుండా. నిండు బిందె ఎత్తకూడదు, బరువైన తలుపు లాగకూడదు, మంచం మీంచి లేచేటప్పుడు చేతులు ఆనించి లేవకూడదు. పక్కకి ఒత్తిగిల్లి కాళ్లు దించి లేవాలి. చివర్న అడిగింది, "కారు నడుపుతారా తాతగారూ?" అని. నడుపుతానమ్మా అన్నాను. "పవర్ స్టీరింగేనా?" అంది. కాదు, పాత అంబాసిడర్ అన్నాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "ఎముక అతికేదాకా ఏ కారూ వద్దు. అతికాక కూడా డాక్టరుగారు సరేనంటేనే, అదీ తేలిగ్గా తిరిగే స్టీరింగున్న బండే" అంది.

ఆ మాట నాకు బాగా తగిలింది. మీకు తెలియదు గానీ, నిలబడి ఉన్న అంబాసిడర్ చక్రం తిప్పాలంటే రెండు భుజాలూ రొమ్మూ కలిసి పని చెయ్యాలి. నలభై ఏళ్లు నేను దాన్ని పనిగా అనుకోలేదు. అప్పుడు తెలిసింది ఎంత బలం పెడుతూ వచ్చానో.

మొదట అరుగు మీదే నడిచాను. తర్వాత వీధి చివర దాకా, ఆపైన కాలవ లాకుల దాకా. రోజూ నడిచి వచ్చి షెడ్డు ముందు నిలబడేవాణ్ణి. కదలకుండా ఉన్న బండి ఎలా చెడుతుందో కళ్లారా చూశాను. బ్యాటరీ దిగిపోయింది. టైర్లు నేలకి ఆనిన చోట చదునయ్యాయి. కార్బొరేటర్లో పెట్రోలు ఎండి జిగురైంది. బ్రేకులు పట్టేశాయి. ఎలుకలు వైర్లు కొరికాయి. మనకి సముద్రపు ఉప్పుగాలి కదా, డోర్ల అడుగున తుప్పు పొక్కులు లేచాయి. నాకు ఆత్రం పెరిగింది. ఎప్పుడు మూడు నెలలవుతాయా, ఎప్పుడు స్టీరింగు పడదామా అని.

ఒక సాయంత్రం మీ మామ్మ మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన షెడ్డు గడప మీద కూర్చుంది. "మీరు నాకోసం బాగవుతున్నారా, ఈ బండి కోసమా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. రాత్రంతా ఆలోచించాను. నేను తొందరపడి స్టీరింగు పడితే నా రొమ్ముకి ముప్పు. నేను జాగ్రత్తగా ఉంటే బండికి ముప్పు. ఇద్దరం బాగుండే దారి ఒక్కటే, విడిపోవడం. తెల్లారి లేచి మీ మామ్మతో "బండి ఇచ్చేద్దాం" అన్నాను.

ఎవరికివ్వాలన్నది పెద్ద ప్రశ్న. మీ నాన్న హైదరాబాదు తీసుకెళతానన్నాడు. అపార్టుమెంటులో ఒక్క కారుకే చోటు. తుక్కు కొనేవాళ్లు వచ్చి ఇనుము తూకానికి ధర చెప్పారు. వాళ్లని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి పంపించాను. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇక కొత్తవి రావు. ఉన్నవాటిని తిప్పగలిగినవాళ్ల చేతుల్లో పెట్టడమే సబబు. మా మెకానిక్ భాయ్ మనవడు పాత బళ్లు బాగుచేసి పెళ్లిళ్లకి తిప్పుతున్నాడని విన్నాను. కబురు పెట్టాను. ఊరికే ఇస్తానంటే ఆ కుర్రాడు ఒప్పుకోలేదు, "మా తాత ఊరుకోడండి" అన్నాడు. ఇద్దరికీ న్యాయమైన ధర కట్టుకున్నాం.

బండి పట్టుకెళ్లే ముందు అతన్ని నాలుగైదు సార్లు రప్పించాను. నేను కుర్చీలో కూర్చునేవాణ్ణి, అతను బండి చుట్టూ తిరిగేవాడు. "చలికాలం పొద్దున్న చోక్ సగమే లాగు, పూర్తిగా లాగితే పెట్రోలు ముంచేస్తుంది. వెనక ఎడమ డోరు కాస్త పైకెత్తి మూస్తే గాని పడదు. ఎండల్లో ఎత్తు వంతెన ఎక్కేముందు రేడియేటరు నీళ్లు చూడు. వేడిగా ఉన్నప్పుడు మూత తియ్యకు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు గొట్టాలు దానికి ఆగవు, అన్నీ మార్పించు" అని ఒక్కోటీ చెప్పాను. 1983 నుంచి ఆయిలు ఎప్పుడు మార్చానో, పాయింట్లు ఎప్పుడు వేయించానో రాసుకున్న పుస్తకం అతని చేతిలో పెట్టాను. కప్పు మీద సొట్ట సంగతి కూడా చెప్పాను. "అది తియ్యనండి" అన్నాడు. అప్పుడు నా మనసు కుదుటపడింది.

కాగితాల విషయంలో మాత్రం నేను మొహమాటపడలేదు. ఇరవై తొమ్మిదో ఫారం, ముప్ఫయ్యో ఫారం మీద సంతకాలు చేశాం. ఆర్సీ అతని పేరు మీదికి మారేదాకా కదిలించనివ్వలేదు. ఇన్సూరెన్సు కూడా మార్పించాం. పేరు మారకుండా బండి ఇచ్చేస్తే, రేపు అది ఏదైనా ప్రమాదం చేస్తే పరిహారం ఆర్సీలో పేరున్నవాడి మీదే పడుతుంది. 2018లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. నమ్మకం వేరు, కాగితం వేరు. రెండూ ఉండాలి.

ఇప్పుడు ఆ బండి అమలాపురం చుట్టుపక్కల పెళ్లికొడుకుల్ని మోస్తోంది. నేను పొద్దున్నే లాకుల దాకా నడిచి, మందులేసుకుని, మీతో ఇలా కూర్చుని మాట్లాడుతున్నాను. మీ చిన్నకారు స్టీరింగు డాక్టరుగారు సరేనన్నాకే పట్టాను, అదీ ఊళ్లో మట్టుకే.

మీకు చెప్పేది ఇదేనర్రా. ఒంట్లో బాగోనప్పుడు ముందు ఒళ్లు చూసుకోండి, ఎంత ప్రాణమైన వస్తువైనా దాని తర్వాతే. వదులుకోక తప్పనప్పుడు ఎవరికివ్వాలో మీరే ఎంచి, దాని గుణమంతా మీ నోటితో చెప్పగలిగిన రోజుల్లోనే, పేరు మార్పించి మరీ ఇవ్వండి. అలా ఇచ్చినదాని గురించి బెంగ ఉండదు. నాకు లేదు.