సేకరణలో సేకర్త ముద్ర

హైదరాబాదులో మూసీనది దక్షిణపు ఒడ్డున ఉన్న సాలార్‌జంగ్ ప్రదర్శనశాలలో, ఒక గడియారం ముందు గంట గంటకూ జనం గుమిగూడుతారు. చిన్న బొమ్మ ఒకటి బయటకు వచ్చి గంట కొట్టి వెళ్లిపోతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఇన్ని వేల వస్తువులను ఒకచోటికి చేర్చిన మనుష్యులెవరు, వేరొకటి కాక దీనినే ఎందుకు ఎన్నుకొన్నారు అని ఆలోచించేవారు మాత్రం అరుదు. వస్తుసంగ్రహమంటే వస్తువుల రాశి కాదు. కొందరు మనుష్యులు చేసిన ఎంపికల వరుస అది.

మూడవ సాలార్‌జంగ్ అనబడే మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889లో జన్మించారు. 1912లో నిజాం రాజ్యానికి దివానై, 1914లో ఆ పదవిని వదులుకొన్నారు. తరువాతి జీవితాన్నీ, జాగీరు ఆదాయంలో పెద్ద భాగాన్నీ సేకరణకే వినియోగించారు. చీనా పింగాణి, పారశీక తివాసీలు, వ్రాతప్రతులు, ఐరోపా చిత్రాలు, ఆయుధాలు, బొమ్మలు—ఇవన్నీ ఆయన భవనాలకు చేరినవి. అందులో అపూర్వమైనవీ ఉన్నవి, ప్రసిద్ధ చిత్రాలకు నకళ్లూ ఉన్నవి. పండితుడు నకలును పక్కకు నెట్టవచ్చును; నచ్చినదానిని కొన్న మనిషికి ఆ భేదం అంత ముఖ్యం కాదు.

1949 మార్చి 2న ఆయన మరణించారు. అవివాహితులు; సంతానం లేదు. అప్పటి పాలనాధికారి ఎం. కె. వెల్లోడి ప్రదర్శనశాల ఏర్పాటుకు పూనుకొన్నారు. పలు భవనాలలో చెదరి ఉన్న వస్తువులను అమర్చే పని కళావిమర్శకులైన జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టంతో అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయినది. 1968లో ఇప్పటి భవనంలోకి మారినది.

ఈ మార్పులో వస్తువుల అర్థం కూడా కొంత మారినది. యజమాని ఇంట అవి అతని కంటికి ఇంపైన తీరున ఉండేవి. ప్రదర్శనశాలలో దేశాన్నిబట్టి, పదార్థాన్నిబట్టి, కాలాన్నిబట్టి గదులలో సర్దబడినవి. రెండవది శాస్త్రీయమే, కాని అదీ ఒకరి నిర్ణయమే. దీనిని ఒకే మనిషి సంగ్రహమని చెప్పుకోవడం వాడుక. అయితే అందరూ మెచ్చే ‘ముసుగు రెబెక్కా’ పాలరాతి విగ్రహాన్ని 1876లో రోములో కొన్నది ఆయన తాతగారైన మొదటి సాలార్‌జంగ్. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ కొన్నారన్న వివరం జారిపోతే, తాత ఎంపిక మనుమని ఖాతాలో పడుతుంది.

ఈ ప్రమాదాన్ని ముందే గ్రహించిన వైద్యుడొకరు ఇంగ్లండులో ఉండేవారు. హాన్స్ స్లోన్ మొక్కలు, రాళ్లు, నాణెములు, గ్రంథాలు కలిపి సుమారు 71,000 వస్తువులు కూడబెట్టారు. ఆ వ్యయంలో కొంత జమైకాలో బానిసల శ్రమతో నడిచిన చెరకుతోటల నుండి వచ్చినదన్న మాట కూడ మరువరాదు. ఆయన వస్తువులకు సంఖ్య వేసి పట్టికలు వ్రాయించారు. తన కుమార్తెలకు 20,000 పౌన్లు చెల్లించి దేశం వాటిని తీసుకొనవలెనని వీలునామా వ్రాశారు. 1753లో ఆయన మరణించగా, ఆ ఏడే చట్టం వచ్చినది; 1759లో బ్రిటిష్ మ్యూజియం తలుపులు తెరచినది. పట్టికలు ఉండుటచేతనే ఆనాటి ఎండుమొక్కలు నేటికీ వృక్షశాస్త్రజ్ఞులకు సాక్ష్యం చెప్పగలుగుతున్నవి.

సేకరణకు సంస్థానాలే అక్కరలేదు. చిత్రకారులైన జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు హైదరాబాదులో స్థిరపడి, పరిమితమైన ఆదాయంతోనే దక్కను చిత్రాలు, బిదరీ పనితనం, వస్త్రాలు సేకరించారు. 1976లో వాటిని ప్రజలకోసం ఒక ట్రస్టు ప్రదర్శనశాలగా రూపొందించారు. అందులో తెలంగాణ నకాషీ చిత్రకారుల పటాలున్నవి. కులపురాణాలు చెప్పే కథకులు వాడగా వాడగా పటం జీర్ణమైతే, దానిని నదిలో విడుచుట ఆచారం. కథకునికి అది ఆయువు తీరిన పటం. సేకర్త కంటికి అది చరిత్ర. ఎవరో ఒకరికి మనసు పడకపోతే అటువంటి పాత పటాలు నేడు చూడ దొరికేవి కావు.

అభిరుచి లేనిదే సేకరణ పుట్టదు. వివరం లేనిదే అది జ్ఞానం కాదు. ఈ రెండు మాటలూ పాఠశాలకూ వర్తిస్తవి. బోరబండ, జూబిలీహిల్సు ప్రాంతపు గుట్టలలోని గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఇండ్లకోసం, వీధులకోసం ఆ బండలు ఎన్నో పగిలిపోయినవి. అక్కడ ఒక విద్యార్థి మెరుపు నచ్చి చిన్న రాతిముక్క ఏరుకొంటే, అది అతని ఇష్టం. దొరికిన చోటు, తేదీ, ఏరినవాని పేరు, ఏరుటకు కారణం నాలుగు వరుసలలో వ్రాసి దానికి అంటించమని చెప్పుట ఉపాధ్యాయుని పని. రేపు ఆ గుట్ట మాయమైనా, ఆ చీటీ ఉన్నంతకాలం రాయి తన ఊరు చెప్పగలదు. చీటీ లేకపోతే అది వట్టి రాయి.