ఇటాలియన్ ప్రారంభం: నల్లపావులకు నిలకడైన ఎత్తులు

చదరంగంలో ఇటాలియన్ ప్రారంభపు నెమ్మది శాఖను 'జువోకో పియానిస్సిమో' అంటారు. 'మిక్కిలి ప్రశాంతమైన ఆట' అని అర్థం. ఇరుపక్షాల గుర్రాలు, శకటులు వెలువడిన పిదప తెల్లవారు డి3, సి3 ఎత్తులు వేస్తారు.

నల్లవారికి డి6, ఎ6 భద్రమైనవి. తెల్లబంటు బి4కు వచ్చి తరిమినా, సి5లోని శకటుకు ఎ7లో ఆశ్రయం ఉంటుంది.

అసలు చిక్కు కోట కట్టడంలో ఉంది. తెల్లరాజు నడుమనే ఉండగా నల్లరాజు తొందరపడి కోటలో చేరితే, తెల్లశకటు జి5కు వచ్చి ఎఫ్6 గుర్రాన్ని కట్టివేస్తుంది. హెచ్6, జి5 బంట్లతో దానిని తరమబోతే సొంత రాజు ముంగిలే తెరుచుకుంటుంది. తెల్లవారు గుర్రాన్ని బలియిచ్చి దాడికి దిగవచ్చు. తెల్లరాజే ముందు కోట కట్టుకొని, నల్లరాజు నడుమ ఉన్నప్పుడు అవే బంట్లు నల్లవారి ఆయుధాలు. కాబట్టి కోటకు ముందే హెచ్6 వేయడం మేలు. పోయేది ఒక్క ఎత్తే.

డి5కు మాత్రం తొందర తగదు. ఏనుగు ఇ8కు చేరకమునుపు ఆ ఎత్తు వేస్తే ఇ5 బంటును కాచుకోవడమే పని అవుతుంది.