ఏకామ్ర నివాస్‌లో సెమినార్లు

థియరెటికల్ ఫిజిక్స్‌కి ఏం కావాలి? నల్లబల్ల, సుద్దముక్క, వాదించే నలుగురు మనుషులు. ఆర్ట్స్ చదివిన నాకీ సంగతి అల్లాడి రామకృష్ణన్‌గారి కథవల్ల బోధపడింది. మద్రాసు తెలుగువారు. 1957-58లో ప్రిన్‌స్టన్‌లో గడిపి, అక్కడే ఉండిపోక తిరిగొచ్చారు. మరి ఆ సెమినార్లు ఇక్కడేవీ? మైలాపూరులో సొంతిల్లు ఏకామ్ర నివాస్‌లోనే విద్యార్థుల్ని కూచోబెట్టి మొదలెట్టేశారు. (అందరికీ కాఫీలెవరు అందించారో!) 1960లో నీల్స్ బోర్ మద్రాసు వచ్చి, ఆ చిన్న బృందాన్ని చూసి, పత్రికలవాళ్ళ ముందు మెచ్చుకున్నారు. మాట నెహ్రూగారి దాకా వెళ్ళింది. 1962 జనవరిలో అక్కడే మాట్‌సైన్స్ సంస్థ పుట్టింది.

మా తిరుపతికి వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లోనే వచ్చింది, ఐసర్ 2015లో. ఫిజిక్స్ పిచ్చి పట్టిన ఎదురింటి పిల్లతో, "ఇంక మద్రాసు రైలెక్కడం ఎందుకే?" అన్నాను.

"రెండుచోట్లా మాస్టార్లెవరో చూసి చెబుతా పిన్నీ" అంది.