పాషాణాన్ని పీల్చే ప్రాణి

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు ఎండాకాలంలో తెల్లగా పొక్కే సౌడు నేలలు రైతులకు కొత్త కాదు. సబ్బులు రాకముందు సౌడు మట్టి వేసే బట్టలు ఉడకబెట్టేవారు. ఆ సోడా గుణం ఒక సరస్సు నిండా ఉంటే? పోచారం, నిజాంసాగర్‌లవి మంచినీళ్లు. సరిహద్దు దాటి మహారాష్ట్రలోని లోణార్‌కు పోవాలి. ఉల్క పడిన గుంట అది, పీహెచ్ దాదాపు 10. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు అక్కడి ‘ఇండిబాక్టర్ ఆల్కలిఫిలస్’ అనే కొత్త బ్యాక్టీరియాను 2010లో లోకానికి పరిచయం చేశారు.

క్షారాన్ని తట్టుకోవడం ఒక ఎత్తు, విషంతో ఊపిరి తీయడం ఇంకో ఎత్తు. ఈ రెండో కథ పశువుల తొట్టిలో మొదలైంది. దక్షిణాఫ్రికాలో గోమార్లు చావాలని పశువులను ఆర్సెనిక్, అంటే మన పాషాణం, కలిపిన నీళ్లలో ముంచి తీసేవారు. అలాంటి తొట్టిలోనే ఆర్సెనేట్ అనే ఆర్సెనిక్ రూపాన్ని ఆర్సెనైట్ అనే మరో రూపంగా మార్చే బ్యాక్టీరియా ఉందని 1918లో శాస్త్రవేత్త హెచ్.హెచ్. గ్రీన్ రాశాడు. అలా మార్చడమే బతుకుదెరువుగా ఉన్న జీవి అమెరికాలో దొరికేసరికి 1994 వచ్చింది!

ఇలాంటి జీవులకు అసలు గని కాలిఫోర్నియాలోని మోనో సరస్సు. ఏర్లు అందులోకి వస్తాయే కానీ బయటికి పోవు. నీరు ఆవిరైపోగా ఉప్పు, సోడా, ఆర్సెనిక్ మిగులుతాయి. లీటరుకు సుమారు 15 మిల్లీగ్రాముల ఆర్సెనిక్. తాగునీటికి పరిమితి 0.01. శాస్త్రవేత్త రొనాల్డ్ ఒరెమ్లాండ్ బృందం 1998లో ఆ సరస్సు అడుగు బురద నుంచి వచ్చిన రెండు బ్యాక్టీరియాలను వర్ణించింది. మనం తిన్న అన్నంలోని ఎలక్ట్రాన్లు చివరికి ఆక్సిజన్‌కు చేరతాయి. గాలి ఆడని బురదలో ఇవి వాటిని ఆర్సెనేట్‌కు అప్పగిస్తాయి. ప్రయోగశాలలో సెలీనియం లవణాలు ఇస్తే వాటినీ వదలవు. అప్పుడు సీసాలోని ద్రవం ఎర్రబడుతుంది. ఆ ఎరుపు సెలీనియం రేణువులదే.

ఇందులో మనకో చిక్కుంది. ఆర్సెనైట్ ఎక్కువ విషం, మట్టిని వదిలి నీళ్లలోకి తేలిగ్గా దిగుతుంది. భూగర్భజలాల్లోకి ఆర్సెనిక్ చేరడంలో ఇలాంటి సూక్ష్మజీవుల చేయి కూడా ఉంది.

పత్రికల హడావిడి మాత్రం ఇంకో జీవికి దక్కింది. అదే మోనోలోని ‘జీఎఫ్ఏజే-1’ డీఎన్ఏలో ఫాస్ఫరస్ బదులు ఆర్సెనిక్ వాడుతుందని 2010 డిసెంబరులో ప్రకటించారు. 2012లో వేరే బృందాల పరీక్షల్లో అది నిలవలేదు. ఆ ప్రకటనను అచ్చువేసిన ‘సైన్స్’ పత్రిక 2025 జులైలో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. రెండు కథలనూ కలిపి చెబితే నమ్మకండి. ఆర్సెనిక్‌ను పీల్చడం నిజం, దాంతో డీఎన్ఏ కట్టుకోవడం అబద్ధం.