రాపిడి వేరు, అరుగుదల వేరు

తెలుగువానికి రాపిడి వేరు, అరుగుదల వేరు. రెండు వస్తువులు ఒరసుకొన్నప్పుడు కదలికకు కలిగే అడ్డు రాపిడి. ఆ ఒరపిడిలో వస్తువు కోల్పోయే భాగం అరుగుదల. సానపై గంధపుచెక్క అరగదీయడం చూచినవారికి ఈ భేదం వివరించనక్కరలేదు. శాస్త్రచరిత్రలో మాత్రం మొదటిదానికి సూత్రం ఏర్పడిన తరువాత రెండవదానికి సూత్రం కుదరడానికి రెండున్నర శతాబ్దాలు పట్టింది. చమురు నిలువని వేడిలో లోహం లోహాన్ని ఒరసుకొంటే ఎంత అరుగుతుందో లెక్కకట్టడం ఆ కథలో ఇంకా ముగియని అధ్యాయం. భాషాపండితునికి ఇనుముతో పనేమని మిత్రులు అడుగవచ్చు. సూత్రం ఎక్కడివరకు నడుస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది వ్యాకరణం బోధించినవానికి పరాయి ప్రశ్న కాదు.

రాపిడి భారాన్నిబట్టి పెరుగుతుందే కాని పైకి కనిపించే వైశాల్యాన్నిబట్టి కాదని 1699లో ఫ్రాన్సులో అమాంటన్ ప్రకటించాడు. 1785లో కూలుంబ్ దానిని మరింత విపులంగా పరీక్షించాడు. వారిద్దరి దృష్టీ ముఖ్యంగా అడ్డుపైననే. రాలిన పొడిపై కాదు.

ఇరవయ్యవ శతాబ్దంలో దృష్టి ఉపరితలంమీదికి మళ్లింది. 1936లో కేంబ్రిడ్జిలో బౌడెన్, రిడ్లర్ అనేవారు రెండు వేర్వేరు లోహాలను ఒరయించి, ఆ కలయికనే ఉష్ణమాపకంగా వాడుకొన్నారు. వస్తువు మొత్తం మీద చల్లగానే ఉన్నా, ఒరసుకొనే చోట వేడి ఆ లోహం కరగే స్థాయిదాకా పోగలదని తేలింది. ఎంత నునుపు చేసిన లోహానికైనా సూక్ష్మదృష్టిలో కొండలూ లోయలూ ఉంటాయి. ఆ శిఖరాలే ఒకదానినొకటి తాకుతాయి. భారమంతా మోసేది ఆ కొద్ది చోట్లే.

ఈ భావన ఆధారంగా 1953లో ఇంగ్లండులో ఆర్చర్డ్ అరుగుదలకు సూత్రం కట్టాడు. భారాన్ని జారిన దూరంతో గుణించి, మెత్తని లోహపు కాఠిన్యంతో భాగించి, ‘కె’ అనే గుణకంతో హెచ్చవేస్తే అరిగిన ఘనపరిమాణం వస్తుంది. ఎంత పొందిక! అయితే చమురులేని మెత్తని ఉక్కు తనలాంటి ఉక్కుపై జారితే కె వెయ్యింటికి సుమారు ఏడు. ఇతర జంటలలో అది వేల రెట్లు తగ్గవచ్చు. ఇంత తేడా ఎందుకో సూత్రం చెప్పదు. మన వ్యాకరణసూత్రాలలో ‘బహుళం’ అన్న మాట చేసే పనిని ఇక్కడ కె చేస్తున్నది. సూత్రానికి లొంగనిదంతా అందులో దాగి ఉంది.

ఆ గుట్టు విప్పడమే తరువాతి చరిత్ర. 1956లో ఆర్చర్డ్, హర్స్ట్ అరుగుదలను రెండుగా విభజించారు: మెరిసే లోహపు తునకలు రాలే తీవ్రమైన అరుగుదల, సన్నని ఆక్సైడు పొడి రాలే మృదువైన అరుగుదల. 1965లో వెల్ష్ ఉక్కుపై మరొక వింత చూపాడు. భారం పెంచుతూ పోతే మృదువైన అరుగుదల తీవ్రమవుతుంది. ఇంకా పెంచితే మళ్లీ మృదువవుతుంది! రాపిడి వేడికి పైపొర గట్టిపడి, దానిపై ఆక్సైడు పొర ఏర్పడి లోహాన్ని కాపాడుతుంది. తినివేసేదని మనం నిందించే తుప్పు జాతిదే, ఇక్కడ కవచమైంది.

క్విన్ 1960ల నుంచి ఈ కవచానికి లెక్క కట్టాడు. శిఖరాలు తాకే చోట, ఆ క్షణికమైన వేడిలో ఆక్సైడు పెరుగుతుంది, కొన్ని మైక్రాన్ల మందం రాగానే పగిలి రాలుతుంది, మళ్లీ పెరుగుతుంది. అంటే అరుగుదల వేగం ఆక్సైడు పెరిగే వేగమే. కాని కొలిమిలో ఊరక కాల్చిన ఇనుముపై కొలిచిన స్థిరాంకాలు ఒరసుకొంటున్న ఇనుముకు సరిపోలేదు. కదలనిదాని ధర్మం కదిలేదానికి చెల్లలేదు.

1970లలో మాంచెస్టరులో స్టాట్, ఆయన సహచరులు నికెల్, కోబాల్టు మిశ్రలోహాలలో రాలిన పొడి సంగతి చూశారు. తగినంత వేడిలో ఆ పొడి పారిపోక, ఒత్తుకొని, అతుక్కొని, గాజువలె నునుపైన పొరగా మారుతుంది. అప్పుడు అరుగుదల బాగా పడిపోతుంది. ఆ వేడికి కొంచెం దిగువనైతే పొర నిలువక తీవ్రంగా అరుగుతుంది. రాలినదంతా నష్టమనుకొనే లెక్క ఇక్కడ తప్పుతుంది.

చివరకు 1987లో లిమ్, ఆష్బీ ఒకే సూత్రం కోసం పట్టుబట్టక ఉక్కుకు పటం గీశారు. ఒక అక్షంపై ఒత్తిడి, మరొకదానిపై వేగం. ఏ ప్రాంతంలో ఏ విధమైన అరుగుదల రాజ్యమేలుతుందో, ఎక్కడ ఆక్సీకరణమో, ఎక్కడ కరగడమో అందులో కనిపిస్తుంది. సూత్రాలు పోలేదు, ప్రతిదానికీ పొలిమేర తెలిసింది.

ఈ పొలిమేర పండితులకు మాత్రమే సంబంధించినది కాదు. ఇంజనులోని కవాటపు పీఠం, బ్రేకుపళ్లెం, టర్బైనులోని వేడి కీళ్లు చమురు కాలిపోయే చోట పనిచేస్తాయి. గదివేడిలో కొలిచిన కె తెచ్చి ఆరువందల డిగ్రీలకు వాడితే లెక్క ఎటైనా తప్పవచ్చు: పనికివచ్చే లోహాన్ని కాదనవచ్చు, అరిగిపోయేదాన్ని నమ్మవచ్చు.

ఈ శాస్త్రానికి 1966లో బ్రిటనులో జోస్ట్ నివేదిక ‘ట్రైబాలజీ’ అనే పేరును వ్యాప్తిలోకి తెచ్చింది. గ్రీకులో ‘ట్రైబోస్’ అంటే రాయడం. దానిని మనం ‘ఘర్షణశాస్త్రం’ అని ఊరుకొంటే అమాంటన్ దగ్గరే ఆగిపోయినట్లు. అరుగుదల పేరులోనే జారిపోతుంది. రెండింటినీ పట్టే ఒక తెలుగు మాట కావాలి. మిత్రులు ఆలోచించగలరు.