రేపు రమ్మన్న వాకిలి

సుమారు 1990 ప్రాంతాలలో తెలుగునాట అనేక ఊళ్ళలో తలుపుల మీదా, గోడల మీదా బొగ్గుతోనో సుద్దతోనో వ్రాసిన ఒక వాక్యం కనిపించేది: “ఓ స్త్రీ, రేపు రా.” మొదట వ్రాసినవారెవరో తెలియదు, చెరిపివేసే ధైర్యం మాత్రం విద్యావంతులకు సైతం ఉండేది కాదు. అర్ధరాత్రివేళ ఒక స్త్రీ ఇంటింటికీ వచ్చి, ఆ ఇంటివారికి పరిచితమైన కంఠంతో పిలుస్తుందనీ, తలుపు తీసినవారికి మరణం తప్పదనీ వదంతి. వ్రాత చదువుకొని ఆమె మరలిపోతుందట. మరునాడు వస్తే మళ్ళీ అదే వ్రాత. కర్ణాటకంలోనూ ఆ రోజులలోనే ఇదే కథ “నాళె బా” అన్న మాటతో వ్యాపించింది. రాత్రివేళ పేరు పెట్టి పిలిచే “నిశి”ని గురించి వంగదేశంలోనూ ఇటువంటి విశ్వాసమే ఉన్నది.

నేనప్పుడు బడికి వెళ్ళే పిల్లవాణ్ణి. మా తలుపు మీద ఆ వాక్యం వ్రాస్తుంటే మా నాయనమ్మ అడిగింది: “ఇంతకీ ఎవరింటి పిల్లరా అది? ఎందుకలా తిరుగుతోంది?” ఎవరమూ బదులు చెప్పలేదు.

భయానక కథలు వ్రాయదలచినవారు ఈ వదంతిని శ్రద్ధగా పరిశీలించాలి. ఇందులో కోరలు లేవు, నెత్తురు లేదు, శ్మశానం లేదు. మనం ఎక్కువగా నమ్మే రెండింటినే అది భయకారణాలుగా మార్చివేసింది: ఆత్మీయుల కంఠస్వరం, మన ఇంటి వాకిలి. పైగా “రేపు” అనడంలో రక్షణ ఒక్క రాత్రికే. భయం తీరదు, వాయిదా పడుతుందంతే.

ఈ బీజం నుంచే 2018లో “స్త్రీ” అనే హిందీ చలనచిత్రం వెలువడింది. దాని రచయితలు రాజ్ నిడిమోరు, కృష్ణ డి.కె. తెలుగువారే, దర్శకుడు అమర్ కౌశిక్. కథ మధ్యప్రదేశ్‌లోని చందేరి పట్టణంలో జరుగుతుంది. అక్కడ ఆ స్త్రీ మగవారినే ఎత్తుకుపోతుంది గనుక, చీకటి పడితే ఇల్లు కదలడానికి భయపడేవారు పురుషులే! ఆమె కోరినది ప్రేమ, గౌరవం అని చివరకు తెలుస్తుంది. “రేపు రా” అన్న వ్రాత స్థానంలో “రక్షించు” అన్న ప్రార్థన వెలుస్తుంది.

వదంతిని కథగా కాక నిజంగా నమ్మితే ఏమవుతుందో కూడా మనం చూశాము. స్త్రీల జడలను ఎవరో కత్తిరిస్తున్నారన్న పుకారు 2017లో ఉత్తరభారతంలో చెలరేగింది. ఆ ఆగస్టులో ఆగ్రా ప్రాంతపు పల్లెలో ఒక వృద్ధురాలిని మంత్రగత్తెగా అనుమానించి కొట్టి చంపారు. ఆమె ఎవరో, ఆ వేళ అక్కడికెందుకు వచ్చిందో నిదానించి అడిగినవారు లేరు.

మా నాయనమ్మ ఆనాడు అడిగినదీ ఆ ప్రశ్ననే. కథకుడు దానితోనే మొదలుపెట్టాలి.